గోదారమ్మ వాపసిచ్చిన చీర

రాజమండ్రి పాత రేవు వీధిలో చీరను మడత మీద చూసి కొనే ఆడమనిషి మీకు దొరకదు. కొట్టువాడు ఒక కొస, కొనే ఆవిడ ఒక కొస పట్టుకుని కొట్లోంచి వీధిలోకి దిగుతారు. చీర మొత్తం సాగదీసి ఎండకేసి చూస్తారు. ఆ కాసేపూ సైకిలు మీద వచ్చేవాళ్లు దిగి, చీర కింద నుంచి వంగి అవతలికి పోవలసిందే. రిక్షా అయితే ఆగాలి. ఊరికి కొత్తవాడెవడైనా విసుక్కుంటే, "వరద తర్వాత వచ్చిన అలవాటండి, ఏమనుకోకండి" అని సర్దిచెబుతారు.

ఎనభయ్యారు వరద ఆ వీధికి ఇంకా చాలా ఇచ్చిపోయింది. గట్టు ఎత్తు పెంచారు కాబట్టి, మేడల మీద నుంచి కనబడే గోదావరి కనబడకుండా పోయింది. కొట్లలో కింది అరల్లో సరుకు పెట్టడం మానేశారు. గోడల మీద నీళ్లు నిలిచిన చోట ఎన్నిసార్లు సున్నం కొట్టినా పోని చార ఒకటి మిగిలింది. అద్దెకిల్లు చూడడానికి వచ్చినవాళ్లు వంటిల్లూ బావీ చూసే ముందు ఆ చార ఎక్కడుందో చూస్తారు. పిల్లల వయసులు కూడా వరదతోనే లెక్క. "మావాడు వరదకి పాకుతున్నాడండి" అంటే చాలు, బడిలో ఏ తరగతిలో ఉంటాడో ఎదుటివాళ్లు చెప్పేస్తారు.

అయితే ఈ చీర సాగదీసే అలవాటు మాత్రం గోదావరి ఒక్కతే ఇచ్చింది కాదు. అందులో గున్నేశ్వరరావుకు సగం వాటా ఉంది.

గున్నేశ్వరరావు చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పేయాలి, ఎందుకంటే కథ కొంత నడిచాక చెబితే మీరు నమ్మరు. వీధి చివర, రేవుకు దగ్గరగా, తాత నాటి బట్టల కొట్టు ఆయనది. కొలతలో కొట్టేయడం, అబద్ధమాడి అంటగట్టడం ఆయన ఇంటా వంటా లేవు. ఆయనకున్న జబ్బల్లా ఒకటే. కొట్లో ఏదీ వృథా పోకూడదు. మూటలకు కట్టి వచ్చిన పురికొస విప్పి ఉండ చుట్టేవాడు. చీరల మడతల్లో వచ్చే అట్టముక్కలకు పుల్లలు గుచ్చి విసనకర్రలు చేసేవాడు. అంచు మాసిన రవికెల గుడ్డ, రంగు దిగిన తువ్వాలు, ఏదీ పారేయడు. దాచి దాచి, చివరికి ఎవరో ఒకరికి బొట్టు పెట్టి మరీ ఇచ్చేవాడు. ఆయన చదివించిన తువ్వాలు చూసుకుని, రెండో అమ్మాయి పెళ్లికి ఆయన్ని పిలవడం మానేసిన ఇళ్లు రాజమండ్రిలో ఉన్నాయి.

కొట్లో లక్ష్మీదేవి పటం కింద ఒక బోర్డు ఉండేది. 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని ఎర్రటి అక్షరాలు. పటం కన్నా బోర్డు పెద్దది.

ఆయన భార్య జగదాంబ. ఊళ్లో ఆ ఏడు ఏ రంగు చీరలు అమ్ముడుపోలేదో ఆవిణ్ణి చూస్తే తెలిసిపోయేది. ఒక ఉగాదికి బూడిద రంగు మీద పసుపు చుక్కలు. ఒక దీపావళికి ఇటుకరంగుకు ఊదా అంచు. ఆ చీర ఇస్తే ఆవిడ సొంత చెల్లెలు కూడా వద్దని తిప్పి పంపింది. "నీ ఒంటికి నప్పుతుందే" అని ఆయన ఇచ్చేవాడు. ఆవిడ ఏమీ అనకుండా కట్టుకునేది. బట్టల కొట్టువారి ఇల్లాలికేం తక్కువని ఊరివాళ్లు అనుకుంటారు గానీ, ఆవిడకు నచ్చిన రంగేమిటో పెళ్లయిన నాటి నుంచి ఆయన అడిగిన పాపాన పోలేదు.

ఇంతటి పొదుపరికి కూడా ఒక గొప్ప ఉండేది. ఏటా తొలకరి వరదతో గోదావరికి ఎర్రనీరు రాగానే వీధి ఆడవాళ్లంతా చేటలో పసుపు, కుంకుమ, గాజులు, చీర పెట్టుకుని రేవుకు వెళ్లి గోదారమ్మకు సారె ఇస్తారు. ఆ చీర గున్నేశ్వరరావు కొట్టు నుంచే వెళ్లాలి. అది తాత నాటి హక్కు. తాత పట్టుచీర పెట్టేవాడు. తండ్రి నేతచీరకు దిగాడు. గున్నేశ్వరరావు హయాంలో అది మిల్లు చీర అయింది. అదీ ఏటేటా కాస్త పలచబడుతూ వచ్చింది. అయినా చీర ఆయనది, గౌరవం ఆయనది. రేవులో అందరికంటే ముందు నిలబడి, చేట అందించి, "అమ్మా, చల్లగా చూడు" అంటున్నప్పుడు ఆయన ముఖం వెలిగిపోయేది. ఆ ఒక్క రోజూ ఎవరూ ఆయన్ని పీనాసి అనుకోరు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

ఎనభయ్యారులో ఆషాఢపు చీర మామూలుగానే పెట్టారు. శ్రావణం వచ్చింది. వరలక్ష్మీ వ్రతం దగ్గర పడింది, కొట్టు కిటకిటలాడుతోంది, అరల నిండా కొత్త సరుకు. సరిగ్గా అప్పుడే గోదావరి మళ్లీ పొంగడం మొదలుపెట్టింది. ధవళేశ్వరంలో ఒకటో హెచ్చరిక అన్నారు, తర్వాత రెండోది అన్నారు. రాజమండ్రివాళ్లకు రెండో హెచ్చరిక అంటే సాయంత్రం గట్టు మీదికి పోయి వేరుశెనక్కాయలు తింటూ చూసే వేడుక. కానీ ఆసారి నీళ్లలో పాకల కప్పులూ, గడ్డిమేట్లూ, వాటి మీద అరుస్తూ కోళ్లూ కొట్టుకొస్తుంటే, వేరుశెనక్కాయలు అమ్మేవాళ్లు కూడా బుట్టలు సర్దుకుని ఇళ్లకు పోయారు.

ఎదురింటి మేడ మీద ఉండే పాపాయమ్మ వీధి ఆడవాళ్లను వెంటబెట్టుకుని కొట్లోకి వచ్చింది. పాపాయమ్మది నిడదవోలు వైపు రైతు కుటుంబం. చేలో ఈ గట్టు మీద నిలబడి ఆ గట్టు మీది కూలీలను అదిలించిన గొంతు, పట్నం వచ్చినా తగ్గలేదు. ఆవిడ భర్త గొంతు ఎలా ఉంటుందో ఆ వీధిలో ఎవరికీ తెలియదు.

"ఏమయ్యా గున్నేశ్వర్రావూ, అమ్మకి కోపం వచ్చింది. చీర పెట్టి శాంతించమని అడగాలి. తియ్యి ఒకటి" అంది.

"ఆషాఢంలో పెట్టాం కదండీ అక్కయ్యగారూ!"

"అది వచ్చినందుకయ్యా. ఇది వెళ్లమన్నందుకు."

గున్నేశ్వరరావు అరలకేసి చూశాడు. శుక్రవారం లోపల అమ్ముడుపోని చీర వాటిలో ఒక్కటీ లేదు. ఏది తీసి నీళ్లపాలు చేయాలన్నా చెయ్యి రావడం లేదు. చివరికి ఆయన చెయ్యి గల్లాపెట్టె కిందికి పోయి ఒక చిలకాకుపచ్చ చీర పట్టుకొచ్చింది. ఎర్రంచు. చూడముచ్చటైన చీర.

ఆ చీరను నెల కిందట ఎలక కొట్టింది. మడతలో ఉండగా కొరికింది కాబట్టి, మడత లోపలికి తిప్పి పెడితే పైకేమీ తెలియదు. విప్పితే మాత్రం ఎన్ని మడతలో అన్ని చిల్లులు. మూటలు కట్టడానికి చింపుదామని గుమాస్తా అప్పాజీ దాన్ని అక్కడ పడేసి ఉంచాడు. యజమాని చేతిలో దాన్ని చూసి అప్పాజీ గల్లా దగ్గరికి వచ్చాడు. ఆయన పెద్దాయన, గున్నేశ్వరరావు తండ్రి దగ్గర కూడా పనిచేసినవాడు.

"అది ఎలక కొట్టిందండి" అన్నాడు చెవి దగ్గరికొచ్చి.

"తెలుసు."

"అమ్మకండి, పెడుతున్నది..."

"నీళ్లలో వదిలేదే కదయ్యా. ఆవిడ విప్పి చూస్తుందా ఏంటి?"

అప్పటికి జగదాంబ కుంకుమ భరిణె పట్టుకుని లోపలి నుంచి వచ్చింది. చీర చూసి నిలబడిపోయింది. "ఎంత మంచి రంగండీ! చిలకాకుపచ్చ" అంది. మొగుడి చేతిలో అంత మంచి రంగు ఆవిడ ఎప్పుడూ చూడలేదు. అమ్మవారికని అంత మంచిది తీశాడని ఆవిడకు సంతోషమేసింది. గున్నేశ్వరరావు పైకి చూస్తూ ఫ్యాను తుడిపించాలి అనుకున్నాడు.

రేవులో పైమెట్ల దాకా నీళ్లున్నాయి. చేట వదిలితే గిర్రున తిరిగి, కట్టేసిన పడవల మధ్యకు పోయి, మునిగిపోయింది. "అమ్మ తీసుకుంది" అన్నారు అందరూ. గున్నేశ్వరరావు అందరికంటే గట్టిగా అన్నాడు.

తెల్లారేసరికి మూడో హెచ్చరిక దాటింది. మధ్యాహ్నానికి రేవు మెట్లు కనబడకుండా పోయాయి. ఇసుక బస్తాల సందుల్లోంచీ, మురుగు తూముల్లోంచీ గోదావరి వీధిలోకి నడిచి వచ్చేసింది. గున్నేశ్వరరావు, అప్పాజీ చీరల కట్టలు భుజాల మీద వేసుకుని మేడ మీదికి తిరిగారు. వాళ్లు పది కట్టలు ఎక్కించేసరికి కింద ఇరవై కట్టలు తడిశాయి. నీళ్లు గల్లాపెట్టెను లేపాయి, బోర్డును అందుకున్నాయి, లక్ష్మీదేవి పాదాల దగ్గర ఆగాయి. వీధి మొత్తం మేడల మీదికి చేరింది. మేడలు లేనివాళ్లను మేడలున్నవాళ్లు లాక్కున్నారు. పాపాయమ్మ ఇంట్లో నలభై మందికి ఒకే డేగిసాలో ఉప్మా ఉడికింది. లంకల మీద అన్నం పొట్లాలు పడేయడానికి హెలికాప్టరు వెళుతుంటే, మాకూ వెయ్యండని పిల్లలు చేతులూపారు. అదేం పట్టించుకోకుండా పోయింది.

మర్నాడు వాన తెరిపిచ్చింది. రేవులో ఉండే రాముడు తన పడవ వీధిలోకి తోలుకొచ్చాడు, ముసలివాళ్లనూ బాలింతలనూ గట్టు దాటించడానికి. వీధిలోకి పడవ రావడం ఎవరూ చూడలేదేమో, బాల్కనీలన్నీ నిండిపోయాయి. ముందు పడవను చూశారు. తర్వాత పడవ వెనక వస్తున్నదాన్ని చూశారు.

చుక్కానికి చిక్కుకుని ఒక చీర నీళ్ల మీద సాగుతూ వస్తోంది. చిలకాకుపచ్చ. ఎర్రంచు. ఎవరో పట్టుకుని పరిచినట్టు ఈ కొస నుంచి ఆ కొసకు విచ్చుకుని ఉంది. దాని నడుమ చిల్లులు, అన్నీ ఒకే సైజువి, ఒకదాని పక్కన ఒకటి, ప్యాసింజరు బండి కిటికీల్లాగా.

రాముడు సరిగ్గా పాపాయమ్మ మేడకూ గున్నేశ్వరరావు మేడకూ మధ్య పడవ ఆపి, గెడతో చీర పైకెత్తాడు. "ఈ చీరెవరిదండీ? మొన్నట్నుంచి చుక్కాని తిరగనివ్వట్లేదండి బాబూ!" అని కేకేశాడు.

పాపాయమ్మ కళ్లజోడు సర్దుకుని, చీరను ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. చిల్లులన్నీ చూసింది. తర్వాత తల తిప్పి ఎదురు మేడ మీది గున్నేశ్వరరావును చూసింది.

"మాదేనయ్యా రాముడూ. మేం అమ్మకి పెట్టాం. అమ్మ విప్పి చూసుకుంది. చూసుకుని, కొట్టు ఎక్కడుందో కనుక్కుని, స్వయంగా వచ్చి వాపసిచ్చింది. ఆ షావుకారుగారికి అందించు. ఆయన వాపసు తీసుకోరనుకో, అయినా అందించు."

గున్నేశ్వరరావుకు తల కొట్టేసినట్టయింది. "అది... ఎలకండి..." అన్నాడు. రాముడు అమాయకంగా గెడ చాపాడు. తడిసిన చీర ముద్ద బాల్కనీ కటకటాలకు వేలాడింది.

పక్కనే ఉన్న జగదాంబ దాన్ని చేతుల్లోకి తీసుకుంది. ఒక చిల్లులోంచి వేలు దూర్చి చూసింది. పెద్దగా అరవలేదు.

"ఆవిడకీ ఇదేనా?" అంది.

తర్వాత చీర పిండి, మడతపెట్టి, ఆయన చేతిలో పెట్టింది. "గోదారమ్మకి మంచి చీర పెట్టండి. ఆవిడ తిప్పి పంపకుండా ఉంచుకుంటే, అప్పుడు నాకు పెట్టండి. అందాకా మీ చేతి చీర నేను కట్టను" అని లోపలికి వెళ్లిపోయింది.

నీళ్లు దిగాయి. బురద మిగిలింది. తడిసిన సరుకంతా ఉతికి ఈ మేడ నుంచి ఆ మేడకు తాళ్లు కట్టి ఆరేస్తే, పైకి చూసినవాళ్లకు ఆకాశం కనబడలేదు. ఎరుపు, నీలం, పసుపు, ఏ రంగు చీరైనా ఆరాక ఒకటే రంగు, పల్చటి టీ రంగు. గున్నేశ్వరరావు వాటిని అయినకాడికి అమ్మేశాడు. ఒక ఏడాది పాటు రాజమండ్రి బజారులో ఏ ఆడమనిషి పాత రేవు వీధిదో దూరం నుంచే తెలిసిపోయేది. బోర్డు కొట్టుకుపోయింది. గోదావరి అన్నీ తెచ్చి పడేసింది గానీ దాన్ని మాత్రం తిరిగివ్వలేదు.

బోర్డు ఉన్నా లాభం లేకపోయేది. వరద ముందు కొన్న చీరలు పట్టుకుని జనం రావడం మొదలుపెట్టారు. "గోదారమ్మ దగ్గర తీసుకున్నారు కదండీ, మా దగ్గర తీసుకోరేంటి?" అంటే ఆయన తీసుకోక తప్పేది కాదు. కొత్తగా కొనేవాళ్లు ప్రతి చీరా మొదటి నుంచి చివరి దాకా విప్పించేవారు. కొట్లో చోటు చాలక వీధిలోకి లాక్కెళ్లేవారు. పక్క కొట్ల వాళ్లు మొదట నవ్వారు, తర్వాత వాళ్ల చీరలు కూడా విప్పించడం మొదలయ్యాక నవ్వు మానేశారు. సామర్లకోట నుంచి వచ్చిన ఒక పెళ్లివారైతే కొట్టు ముందు నిలబడి, "ఎలకచీర గున్నేశ్వర్రావుగారి కొట్టు ఇదేనాండీ?" అని ఆయన్నే అడిగారు.

వీధి లెక్కలో వరదకు కారణం తేలిపోయింది. పైన ఎక్కడో వానలు పడితే ఇక్కడ వరద వస్తుందనీ, చీరకూ దానికీ సంబంధం లేదనీ గున్నేశ్వరరావు ఒకసారి చెప్పబోయాడు. "అయితే చీర వెనక్కెందుకొచ్చిందయ్యా?" అని పాపాయమ్మ అడిగింది. చుక్కానికి చిక్కుకుని వచ్చిందని ఆయనకు తెలుసు. తెలిసినా, భోజనం ముందు కూర్చున్నప్పుడు ఆ చీరే కళ్ల ముందు పరుచుకునేది. ఆయన సగం విస్తట్లో లేచిపోయేవాడు. ఏదీ వృథా పోకూడదనే మనిషి అన్నం వదిలేసి లేచాడంటే, బాధ ఏ పాటిదో మీరే ఊహించుకోండి.

ఇంట్లో సంగతి అంతకన్నా అధ్వానం. దసరాకు మంచి నేతచీర తెచ్చి మంచం మీద పెట్టాడు. జగదాంబ దాన్ని తీసుకెళ్లి కొట్లో అరలో పెట్టి వచ్చింది. దీపావళికి ధర్మవరం పట్టు. అదీ అంతే. ఉగాది నాటికి ఆవిడ పాత చీరల అంచులు ఊడిపోయాయి. వెలుతురు బాగుంటుందని కొట్టు గుమ్మంలోనే కూర్చుని చిరుగులు కుట్టుకునేది. బట్టల కొట్టు గుమ్మంలో యజమాని భార్య చిరుగులు కుట్టుకుంటుంటే లోపలికొచ్చి చీర కొనడానికి ఎవరికి మనసొప్పుతుంది?

"లోపల కూర్చుని కుట్టుకోకూడదూ?" అని బతిమాలాడు.

"లోపల చీకటండి. సూదిలో దారం కనబడదు" అంది.

ఆయనకిక ఒకటే దారి మిగిలింది. గోదారమ్మకు మళ్లీ చీర పెట్టాలి. కానీ ఆ హక్కు పోయింది. ఈసారి చందాలేసుకుని మెయిన్ బజారులో కొంటామని పాపాయమ్మ తేల్చి చెప్పేసింది. గున్నేశ్వరరావు ఆవిడ మేడ మెట్లెక్కి, గుమ్మం అవతలే నిలబడ్డాడు.

"అక్కయ్యగారూ, తాత నాటి నుంచి వస్తోందండి. ఒక్కసారి నన్ను పెట్టనివ్వండి."

"ఎలక ఒప్పుకుందా?"

"మీరు ఎలా పెట్టమంటే అలా పెడతానండి. మా ఇంట్లో కొత్తచీర చూసి ఏడాదవుతోందండి" అన్నాడు.

ఉగాది నుంచి గుమ్మంలో కుట్టుకుంటున్న మనిషిని పాపాయమ్మా రోజూ చూస్తోంది. "రేవులో అందరి ముందూ విప్పి చూపించాలి. మొత్తం. ఒక్క పోగు తెగి ఉన్నా నువ్వు మళ్లీ రేవు మెట్టు తొక్కకూడదు" అంది. లోపలి నుంచి ఆవిడ భర్త, "పాపం, పోనీలే" అన్నాడు. ఆ వీధిలో ఆయన గొంతు విన్న మొదటివాడు గున్నేశ్వరరావే.

మర్నాడే ఆయన ఉప్పాడ బస్సెక్కాడు. సముద్రం వెనక నుంచి వీధిని కొరుక్కుంటూ వస్తున్న చోట, నేతగాడు భీమరాజు ఇంటి అరుగు మీద కూర్చుని, చిలకాకుపచ్చకు ఎర్రంచు కావాలన్నాడు.

"ఒక్క చీర కోసం పడుగెయ్యనండి. తక్కువలో తక్కువ రెండు" అన్నాడు భీమరాజు.

బేరమాడటం మొదలుపెడతాడని భీమరాజు సిద్ధంగా ఉన్నాడు. "రెండే నెయ్యి" అన్నాడు గున్నేశ్వరరావు. భీమరాజు మగ్గం దిగివచ్చి, షావుకారుగారికి ఒంట్లో బాగానే ఉందా అని అడిగి మంచినీళ్లు ఇచ్చాడు.

చీరలు వచ్చాయి. ఎర్రనీరు రాలేదు. ఆ ఏడు వానలు వెనకబడ్డాయి. ఆషాఢం వెళ్లిపోయింది. గోదావరిలో ఇసుకతిప్పలు తేలాయి, పిల్లలు వాటి మీద బిళ్లంగోడు ఆడుతున్నారు. "అలిగిందమ్మా. కిందటేడు చీర ఇవ్వడానికొచ్చింది, ఈ ఏడు ముఖం చూడనంటోంది" అన్నారు వీధిలో. వరదకూ ఆయనే, కరువుకూ ఆయనే. గున్నేశ్వరరావు పొద్దున్నే రేవుకు పోయి నీళ్ల రంగు చూసి వచ్చేవాడు. సాయంత్రం మళ్లీ పోయేవాడు. కిందటేడు తన కొట్లోకి వచ్చిన గోదావరిని చూసి వెళ్లమ్మా వెళ్లు అని దండం పెట్టిన మనిషి, ఇప్పుడు రావమ్మా అని అదే చేతులతో దండం పెడుతుంటే రాముడు పడవలో కూర్చుని చుట్ట కాలుస్తూ చూసేవాడు.

శ్రావణం సగం గడిచాక ఒక ఉదయం రాముడే కొట్టు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "షావుకారుగారూ, నీళ్లు ఎర్రబారాయండి!"

వీధంతా రేవుకు కదిలింది. గున్నేశ్వరరావు చీర తీసి పాపాయమ్మకు ఒక కొస ఇచ్చాడు. ఆడవాళ్లు వరసగా మెట్ల మీద నిలబడి అంచులు పట్టుకున్నారు. చిలకాకుపచ్చ చీర ఎండలో మెట్ల పొడుగునా విచ్చుకుంది. పాపాయమ్మ కళ్లజోడు పెట్టుకుని, ఒక చివర నుంచి రెండో చివరకు నడిచింది. తిరగేసి చూసింది. వేలితో మీటి చూసింది. చిల్లు లేదు, తెగిన పోగు లేదు. అందరూ ఏదో ఒకటి దొరుకుతుందనుకుని వచ్చారు. ఏమీ దొరకలేదు.

ముందు సుబ్బాయమ్మ నోరు తెరిచింది. ఆవిడ పాపాయమ్మ పక్కింటావిడ. "ఇంత మంచి చీర నీళ్లలో వదిలేయడమేంటండి?" అంది.

"నేనూ అదే అనుకుంటున్నాను" అంది పాపాయమ్మ. ఆవిడ చెయ్యి ఇంకా అంచు మీదే ఉంది. "ఒక పని చేద్దామర్రా. కొంగు నీళ్లలో ముంచి అమ్మకి చూపించేద్దాం. చూశాక తీసేసుకుందాం. ప్రసాదంగా మనలో ఎవరో ఒకరం కట్టుకుందాం."

"ఎవరో ఒకరంటే ఎవరండీ?" అంది సుబ్బాయమ్మ. దాంతో మెట్ల మీద నాలుగు మాటలు పైకీ కిందికీ నడిచాయి. చీర నాలుగు వైపులకూ లాగబడుతోంది. అప్పాజీ కూడా యజమాని చెవిలో, "వృథా పోకుండా ఉంటుంది కదండీ, ఒప్పేసుకోండి" అన్నాడు. యజమాని మనసు తెలిసిన మనిషి కదా, సంతోషిస్తాడనుకున్నాడు.

గున్నేశ్వరరావు చీర వాళ్ల చేతుల్లోంచి తీసుకున్నాడు.

"వద్దండి. ఆవిడ విప్పి చూస్తుందండి" అన్నాడు.

ఆయన చీర మడతపెట్టి చేటలో పెట్టాడు. పసుపు వేశాడు, గాజులు పెట్టాడు. "రాముడూ, నీ పడవ అవతలికి లాగు. చుక్కాని పైకెత్తు" అన్నాడు. రాముడు పడవలన్నీ దూరంగా నెట్టాడు. గున్నేశ్వరరావు నడుము లోతు నీళ్లలోకి దిగి చేట వదిలాడు. ఈసారి ఆయన గట్టిగా ఏమీ అనలేదు. చేట మెల్లగా తిరిగి, ఎర్రటి నీళ్లలో కొంత దూరం పోయి, మునిగింది. తడి పంచెతో ఆయన అక్కడే నిలబడ్డాడు. వాపసు వస్తుందేమోనని వీధంతా గట్టు మీద నిలబడింది. ఎండ నెత్తికెక్కింది. రాలేదు.

"ఉంచుకుందయ్యా. ఇక ఇంటికి పో" అంది పాపాయమ్మ మెత్తగా.

జగదాంబ రేవుకు రాలేదు. గుమ్మంలో కూర్చుని కుట్టుకుంటోంది. గున్నేశ్వరరావు తడికాళ్లతో లోపలికి పోయి రెండో చీర తెచ్చాడు. ఆవిడ ముందు పెట్టి, "ఉంచుకుంది. ఊరంతా చూశారు" అన్నాడు. ఆవిడ చీరను చూసింది. రంగు చూసి సూది పక్కన పెట్టింది. అయినా చెయ్యి చాపలేదు.

"విప్పి చూడు" అన్నాడు.

"ఫరవాలేదులెండి."

"కాదు, చూడాలి. మొత్తం చూడు" అని ఒక కొస ఆవిడ చేతికిచ్చి, రెండో కొస పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ వీధిలోకి దిగాడు. ఆవిడ గుమ్మంలోంచి లేచి వచ్చింది. వీధికి అడ్డంగా, ఆ వైపు ఆయన, ఈ వైపు ఆవిడ, మధ్యలో చిలకాకుపచ్చ. జగదాంబ మొహమాటపడలేదు. అంచు మీద చెయ్యి వేసి ఆయన దాకా నడిచింది. తిరగేసి వెనక్కి వచ్చింది. మడతలు పడే ప్రతి చోటా ఎండకెత్తి చూసింది. అప్పటికి ఇద్దరు సైకిళ్లవాళ్లు దిగి నిలబడ్డారు.

"బాగుందండి. చాలా బాగుంది" అంది. కాస్త ఆగి, "ఇది ఎందుకు అమ్ముడుపోలేదండీ?" అని అడిగింది.

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. ఇన్నేళ్లలో తన ఒంటి మీదికి వచ్చిన ప్రతి చీరకూ ఒక కారణం ఉండేది, దీని కారణం ఆవిడకు తెలియలేదు, అంతే. గున్నేశ్వరరావుకు నడివీధిలో కళ్లు చెమర్చాయి. పట్టుకున్న కొసతో తుడుచుకోబోయి, కొత్తచీర అని గుర్తొచ్చి ఆగిపోయాడు.

"కొట్లో పెట్టలేదు జగదాంబా. నీకోసమే నేయించాను" అన్నాడు.

సైకిళ్లవాళ్లలో ఒకడు బెల్లు కొట్టాడు. చీర దించుతారేమోనని కాసేపు చూశాడు. ఆలుమగల్లో ఎవరూ కదలకపోయేసరికి, వంగి, చీర కింద నుంచి సైకిలు నడిపించుకుంటూ వెళ్లిపోయాడు.